సాఫ్ట్ పాస్టెల్స్‌లో తల్లీబిడ్డ బొమ్మ: ఇద్దరూ ఆనుకున్న చోటే అసలు పని

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అక్క, ఆమె ఐదు నెలల పాప. పాపకి ఏడో నెలలో అన్నప్రాశన. ఆ రోజుకి ఇద్దరి బొమ్మా సాఫ్ట్ పాస్టెల్స్‌లో, అంటే సుద్దలా పొడి రాలే రంగుపుల్లలతో, గీసి ఇవ్వాలని మీ కోరిక. ఎంవీపీ కాలనీలో అక్కావాళ్ళ ఫ్లాట్‌లో ఫోన్‌తో తీసిన ఫోటో చూసి ఒకసారి వేశారు. మొహాలు బూడిదరంగుకి తిరిగాయి, పాప ముసలావిడలా వచ్చింది, పొడి రాలకుండా ఫిక్సేటివ్ అనే జిగురు స్ప్రే కొడితే అంతా నల్లబడింది. విశాఖ ఉక్కకి, వానలకి అసలు పాస్టెల్ బొమ్మ నిలుస్తుందా అని కూడా అడిగారు.

నిలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో వేసిన పాస్టెల్ బొమ్మలు యూరప్ మ్యూజియాల్లో ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. కాకపోతే అద్దం వెనక ఉన్నాయి, సరైన గాలిలో ఉన్నాయి. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు బొమ్మ.

మీరు పెట్టిన బొమ్మలో నాకు కనిపించిన పెద్ద లోపం మీరు చెప్పిన మూడింటిలో లేదు. మీరు రెండు పోర్ట్రెయిట్లు వేశారు. అక్క మొహం విడిగా పూర్తి చేశారు, పాప మొహం విడిగా పూర్తి చేశారు, మధ్యలో ముదురు గీత పెట్టి రెండింటినీ అతికించారు. తల్లీబిడ్డ బొమ్మలో రెండు తలలు పక్కపక్కన ఉండవు. ఒకటే ఆకారం ఉంటుంది. కన్ను కాస్త చికిలించి ఫోటో చూడండి. అక్క జుట్టు, మెడ కింది నీడ, పాప తల వెనక భాగం కలిసి ఒకే ముదురు ముద్దగా కనిపిస్తాయి. అక్క నుదురు, పాప బుగ్గ, అక్క చెయ్యి విడివిడి వెలుగు మచ్చలు. బొమ్మ మొదలుపెట్టాల్సింది ఈ ముద్దలతో, కళ్ళూ ముక్కులతో కాదు. ఇది కుదిరితే పోలిక కాస్త తప్పినా బొమ్మ బతుకుతుంది. ఇది కుదరకపోతే పోలిక ఎంత వచ్చినా అది గ్రూప్ ఫోటోలాగే ఉంటుంది.

అందుకే ఫోటో మళ్ళీ తీయమంటాను. మీది ట్యూబ్‌లైటు కింద, దగ్గరగా తీసింది. దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, దాన్ని కాపీ చేస్తే పోలిక పోతుంది. ఐదారడుగులు వెనక్కి జరిగి కాస్త జూమ్ చేసి తీయండి. ఫ్లాష్ వద్దు, లైట్లన్నీ ఆపేయండి, ఒక్క కిటికీ చాలు. మన ఊళ్ళో సూర్యుడు సముద్రం మీంచే లేస్తాడు కాబట్టి తూర్పు కిటికీలో పొద్దున్నే ఎండ మొహాన కొడుతుంది. ఆ ఎండ లోపల పడడం ఆగాక, ఆకాశం వెలుగు మాత్రమే వస్తున్నప్పుడు తీయండి. ఉత్తరం కిటికీ ఉంటే చాలావరకు ఏ వేళైనా పర్వాలేదు. వెలుగు మరీ ఎక్కువనిపిస్తే పల్చటి తెల్ల పంచె కిటికీకి అడ్డంగా కట్టండి, నీడల అంచులు మెత్తబడతాయి.

ఇద్దర్నీ కెమెరా వైపు చూడమనకండి. నవ్వమని అసలు అనకండి. పాలు తాగి పాప మత్తుగా భుజాన వాలినప్పుడో, అక్క వంగి దాని చెయ్యి చూస్తున్నప్పుడో వరసగా ఓ ముప్పై ఫోటోలు తీసి, అందులోంచి ఏరుకోండి. మేరీ కసాట్ బొమ్మలు నెట్‌లో దొరుకుతాయి, చూడండి. 1844లో అమెరికాలో పుట్టి, జీవితంలో ఎక్కువ భాగం ఫ్రాన్స్‌లో గడిపిన చిత్రకారిణి. ఫ్రెంచి చిత్రకారుడు దెగా పిలుపుతో ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల బృందంలో చేరి 1879 నుంచి వాళ్ళతో ప్రదర్శనలు ఇచ్చింది. తల్లీబిడ్డల్ని పాస్టెల్స్‌లో ఆవిడ వేసినంత బాగా వేసినవాళ్ళు తక్కువ. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. ఆమె బొమ్మల్లో చాలావాటిలో తల్లీబిడ్డా మన వైపు చూడరు, వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. ఇంకోటి గమనించండి. మొహాలు, చేతులు శ్రద్ధగా పూర్తి చేసి, బట్టల దగ్గరికొచ్చేసరికి విసురుగా నాలుగు గీతలు గీసి వదిలేస్తుంది. కింద కాగితం కనిపిస్తూనే ఉంటుంది. మనవాళ్ళు చీర అంచులో ప్రతి బుటా వేస్తారు, ఆ శ్రమంతా పాప చేతికి పెట్టి ఉంటే బాగుండేది.

తల వంచిన పోజులో మీకు ఇంకో లాభం ఉంది. అక్క కళ్ళు కిందికి ఉంటాయి, కనురెప్ప మాత్రమే వెయ్యాలి. తెరిచిన కన్నుకంటే వాలిన రెప్ప చాలా తేలిక, పైగా అందం.

ఇక సామాను. మొదట మీ పెట్టె మీద సాఫ్ట్ పాస్టెల్ అని ఉందో లేదో చూసుకోండి. స్టేషనరీ షాపులో పాస్టెల్స్ అని అడిగితే చాలాసార్లు ఆయిల్ పాస్టెల్సే చేతిలో పెడతారు. అవి మైనం, నూనె కలిపినవి, జిడ్డుగా ఉంటాయి. సాఫ్ట్ పాస్టెల్ అంటే రంగు పొడి, సుద్దలాంటి పొడి, వాటిని పట్టి ఉంచడానికి కొద్దిగా జిగురు. వేలికి పొడి అంటుకోవాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పనిచెయ్యవు.

స్టూడెంట్ సెట్లలో మెరిసే గులాబీలు, ఆకుపచ్చలు ఎక్కువ. చామనఛాయ మనుషుల్ని వెయ్యడానికి కావలసిన ముదురు గోధుమలు, మట్టి ఎరుపులు, మసక ఊదాలు ఉండవు. తక్కువ ఖర్చులో దీనికి దారి పాస్టెల్ పెన్సిళ్ళు. విడిగా దొరికితే బర్న్ట్ సియెనా (ఎర్ర గోధుమ), రా అంబర్ (ముదురు గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ముదురు ఇండిగో (నీలిమందు రంగు), మసక ఊదా తీసుకోండి. వీలుంటే ఇవే రంగులు పుల్లల్లో కూడా. ఫేబర్ క్యాసెల్ చదరపు పుల్లలు కాస్త గట్టివి, అడుగు పొరలకి బాగుంటాయి. సెనెలియెర్ లాంటివి వెన్నలా మెత్తన, ఖరీదు కూడా. చివరి వెలుగుల కోసం లేత రంగులు రెండు మూడు ఉంటే చాలు. గట్టివి ముందు, మెత్తనివి తర్వాత, ఈ వరస తప్పకూడదు. మెత్తటి పొర మీద గట్టి పుల్ల గీస్తే రంగు పడదు, ఉన్నదాన్ని గీకేస్తుంది.

డ్రాయింగ్ షీటు మీద వేశారు కాబట్టే మీకు నాలుగు పొరలు కూడా నిలవలేదు. పాస్టెల్‌కి గరుకు కావాలి. కాన్సన్ మి తాంత్ కాగితం 160 జీఎస్ఎమ్, ఒకవైపు తేనెపట్టులాంటి గళ్ళు, రెండోవైపు నున్నగా ఉంటుంది. మొహాలకి నున్నటి వైపే వాడండి. గళ్ళ వైపు వేస్తే పాప బుగ్గ మీద చుక్కలు తేలి అమ్మవారు పోసినట్టు కనిపిస్తుంది. ఇంకా బాగా కావాలంటే పాస్టెల్‌మ్యాట్ లాంటి మందపాటి పాస్టెల్ కాగితాలున్నాయి, పొరలు ఎక్కువ పడతాయి. ప్రాక్టీసుకి హార్డ్‌వేర్ షాపులో దొరికే నంబర్ 400 వాటర్ పేపర్ (ఒకరకం సాండ్‌పేపర్) కూడా పనికొస్తుంది. కానీ అది ఏళ్ళ తరబడి ఉండే కాగితం కాదు, అన్నప్రాశన బొమ్మ మాత్రం దాని మీద వెయ్యకండి.

తెల్ల కాగితం వద్దు. లేత మట్టిరంగు గానీ, ఆలివ్ ఛాయ ఉన్న బూడిదరంగు గానీ తీసుకోండి. మన ఒంటిరంగుకి ఆ కాగితమే మధ్య ఛాయ అవుతుంది, మీరు నీడలు, వెలుగులు పెట్టుకుంటే చాలు. సైజు ఏ3 కంటే తగ్గించకండి. పుల్ల మొన లావు కాబట్టి ఏ4 మీద పాప కన్ను పుల్ల వెడల్పంత కూడా ఉండదు.

స్కెచ్ మామూలు పెన్సిల్‌తో వెయ్యకండి. గ్రాఫైట్ నున్నగా ఉంటుంది, దాని మీద పాస్టెల్ పట్టదు, పైగా మెరుస్తుంది. సన్నని బొగ్గుపుల్లతో గానీ, గోధుమరంగు పాస్టెల్ పెన్సిల్‌తో గానీ తేలిగ్గా గీయండి. గళ్ళు గీసుకుని ఫోటో దించుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పాప ముసలావిడలా ఎందుకొచ్చిందో ఇక్కడే తెలుస్తుంది. పెద్దవాళ్ళకి కళ్ళు తల ఎత్తుకి సరిగ్గా సగంలో ఉంటాయి. చంటిపిల్లలకి సగానికి కిందుగా ఉంటాయి. పుర్రె పెద్దది, మొహం చిన్నది, కింది దవడ ఇంకా ఎదగలేదు. మీరు అక్క మొహం కొలతలే చిన్నవి చేసి పాపకి పెట్టారు. కళ్ళ గీత కిందికి దించండి, ఆ గీతకీ గడ్డానికీ మధ్య ఉన్న కొంచెం చోటులోనే ముక్కు, నోరు ఇరికించండి. ముక్కు దూలం దాదాపు లేనట్టే. కళ్ళ మధ్య దూరం మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. నల్లగుడ్డు పుట్టినప్పుడే పెద్దవాళ్ళ దానికి దగ్గరగా ఉంటుంది, అందుకే కళ్ళంతా నల్లగుడ్డే ఉన్నట్టు కనిపిస్తుంది, తెల్లభాగం తక్కువ వెయ్యండి. మెడ కనిపించదు, గడ్డం కిందే ఛాతీ. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగో వంతు, పెద్దవాళ్ళలో ఏడో వంతో ఎనిమిదో వంతో. ఐదు నెలలకి ఆ లెక్క పెద్దగా మారదు, కాబట్టి తల పెద్దదైపోయిందేమోనని టెన్షన్ పడి చిన్నది చెయ్యకండి. ముఖ్యంగా ముక్కు పక్కనుంచి నోటి దాకా వచ్చే మడత గీత చంటిపిల్లలకి గీయనే వద్దు. మీ బొమ్మలో వయసంతా ఆ రెండు గీతల్లోనే ఉంది.

మొహాలు బూడిదరంగు కావడానికి కారణం మీ వేలు. పాస్టెల్ పొడి కాగితం మీద ముగ్గుపిండిలా కూర్చుని ఉంటుంది, రేణువుల మధ్య గాలి ఉంటుంది, వెలుగు వాటి మీద చెదిరి రంగు వెలిగినట్టు కనిపిస్తుంది. వేలితో రుద్దితే రేణువులు నలిగి కాగితంలోకి దిగిపోతాయి, అన్ని రంగులూ ఒకదాంట్లో ఒకటి కలిసి ఏ రంగూ కాకుండా పోతాయి. పైగా మన ఊరి చెమట వేళ్ళతో రుద్దితే జిడ్డు మచ్చ పడుతుంది, దాని మీద ఇంక రంగు పట్టదు. రుద్దడం పూర్తిగా మానెయ్యమనను. మొదటి పొరని, అదీ ఒక్కసారి, పాత మెత్తటి బ్రష్షుతో సర్దండి. ఆ తర్వాత రంగు మీద రంగు పడాలి, పక్కనే ఇంకో రంగు పడాలి, కలపడం చూసేవాళ్ళ కంటికి వదిలెయ్యాలి. తప్పు వస్తే దాని మీద ఇంకో పొర వెయ్యకండి. గట్టి బ్రష్షుతో ఆ పొడి దులిపేసి మళ్ళీ మొదలెట్టండి.

ఒంటిరంగు వరస నేనైతే ఇలా పట్టుకుంటాను. నీడకి బర్న్ట్ సియెనా, దాని మీద పల్చగా మసక ఊదా. మధ్య ఛాయకి ఓకర్, కొంచెం ఇటుకరంగు. వెలుగు పడే చోట ఓకర్‌లో లేత ఛాయ, ఆ తర్వాత చాలా కొద్దిగా లేత పీచ్ పండు రంగు. చామనఛాయ నుదుటి మీద మెరుపు తెల్లగా ఉండదు. కిటికీలోంచి ఆకాశం పడితే నీలి ఛాయ ఉంటుంది, లేత బూడిద నీలం ఒక్క గీత పెట్టి చూడండి, చర్మం తడిగా మెరుస్తుంది. పాప చర్మం పల్చన, కింద నెత్తురు కనిపిస్తుంది. చెవి, ముక్కు కొస, వేళ్ళ కణుపులు, మడమ కాస్త ఎర్రగా ఉంచండి. కిటికీ వెనకనుంచి వస్తే చెవిలోంచి వెలుగు దూరి దాదాపు నారింజ రంగు కనిపిస్తుంది. నలుపు, తెలుపు పుల్లలు మాత్రం తీసి పక్కన పెట్టెయ్యండి, జుట్టుకి కూడా. అక్క జుట్టు ముదురు ఇండిగో, ముదురు గోధుమ కలిపితే నలుపు కంటే నల్లగా ఉంటుంది. పాప జుట్టు వెంట్రుక వెంట్రుకగా వెయ్యకండి. నెత్తి మీద ముదురు ఛాయ ఒకటి పెట్టి, నుదుటి అంచులో అది తెలియకుండా పోనివ్వండి.

ఇప్పుడు ఇద్దరూ ఆనుకున్న చోటు. మీ ఫోటోలో అవి మూడు: అక్క చెంప పాప నెత్తికి ఆనిన చోటు, అక్క అరచెయ్యి పాప వీపు మీద, పాప గుప్పిట అక్క పైట పట్టుకున్న చోటు. నా మాట వింటే బొమ్మలో సగం టైము ఈ మూడింటి మీదే పెట్టండి.

చెంప దగ్గర గీత గీయకండి. నీడ రంగు పుల్లని అడ్డంగా పట్టుకుని అక్క గడ్డం కింద మొదలుపెట్టి, ఆపకుండా పాప నెత్తి మీదకి లాగెయ్యండి. ఇద్దరూ ఒకే నీడలో ఉన్నారు, ఒకే రంగు పడాలి. తర్వాత అక్క వైపు కొంచెం ఎరుపు, పాప వైపు కొంచెం ఊదా చేర్చి విడదీస్తే చాలు. కొన్నిచోట్ల అంచు కనిపించకుండా పోతుంది, పోనివ్వండి. ఎక్కడో ఒక్కచోట, బహుశా పాప నుదుటి వెలుగు అక్క ముదురు జాకెట్టు మీద పడేచోట, అంచు కచ్చితంగా తెగాలి. చూపు అక్కడికే వెళ్తుంది. ఇంకోటి, వెలుగు ఇద్దరి మధ్యా తిరుగుతుంది. పాప నుదుటి మీద పడిన వెలుగు అక్క గడ్డం కిందికి ఎగురుతుంది. అక్క చీర రంగు పాప దవడ కింద ఛాయగా పడుతుంది. ఎర్రచీర అయితే కొంచెం ఎరుపు, పొందూరు ఖద్దరులాంటి తెల్లచీర అయితే కిటికీ నీలం. ఈ రెండు స్పర్శలు పెడితే వాళ్ళు ఒకే గాలిలో కూర్చున్నట్టు అవుతుంది.

అక్క చెయ్యి కష్టం, దానికి భయపడి చాలామంది పైట కప్పేస్తారు. కప్పకండి. ముందు వేళ్ళు విడదీయకుండా మొత్తం చేతిని ఒక్క ఆకారంగా వేసుకోండి. పెద్దవాళ్ళ చెయ్యి గడ్డం నుంచి నుదుటి పైదాకా ఉన్నంత పొడవు. ఆ లెక్కన పాప వీపు దాదాపు చేతి కిందే ఉండిపోతుంది. మీరు ఆ చెయ్యి చిన్నది చేశారు, అందుకే పాప జారిపోతుందేమో అనిపిస్తోంది. తర్వాత వేళ్ళ మధ్య సందులు మాత్రం ముదురుగా పెట్టండి. వేళ్ళు ఆనిన చోట పాప ఒళ్ళు కొంచెం నొక్కుకుని, వేలి పక్కన ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద చిన్న వెలుగు, వేలి కింద సన్నని వెచ్చని నీడ. బరువు మోస్తున్న చెయ్యి అని తెలిసేది దీనితోనే.

గాజులు, నల్లపూసలు, పాప చేతి దిష్టిపూసలు చివరి గంటలో వెయ్యండి, అవి కూడా అన్నీ వద్దు. పాప బుగ్గ మీద దిష్టిచుక్క ఉంటే తప్పకుండా పెట్టండి. మెత్తటి బుగ్గ మీద గట్టి అంచున్న ఒక్క ముదురు చుక్క వచ్చాక చుట్టూ ఉన్నదంతా ఇంకా మెత్తగా కనిపిస్తుంది. వేస్తున్నంతసేపూ మధ్య మధ్యలో ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి, అసలు ఫోటో పక్కన పెట్టి చూడండి. రంగు తప్పినా ఫర్వాలేదు, నీడ ముదురు తప్పకూడదు.

ఇక ఫిక్సేటివ్. రేణువుల మధ్య గాలి అన్నాను కదా, ఆ సందుల్ని జిగురు నింపేస్తుంది, అందుకే లేత రంగులు నల్లబడతాయి. పూర్తయిన బొమ్మ మీద కొట్టకండి. అడుగు పొరలయ్యాక దూరం నుంచి పల్చగా ఒకసారి కొట్టి, పూర్తిగా ఆరాక వెలుగులన్నీ దాని మీద వేసుకోండి. ఆ వెలుగుల్ని అలాగే వదిలెయ్యండి. వానపడే రోజు మాత్రం స్ప్రే జోలికి పోవద్దు, తడిగాలిలో సరిగ్గా ఆరదు. హెయిర్ స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకండి.

ఇంట్లో చంటిపిల్ల ఉంది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. పాస్టెల్ దుమ్ము పాప దగ్గరికి రాకూడదు. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటివి ఉంటాయి. ఇంకో గదిలో తలుపు వేసుకుని, మాస్కు పెట్టుకుని వెయ్యండి. పొడిని నోటితో ఊదకండి, బోర్డుని బాల్కనీలోకి తీసుకెళ్ళి వెనకనుంచి తట్టండి. నేల చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డ పెట్టండి. పాపని ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకోండి. ఫ్యాను గాలి బోర్డు మీద పడకూడదు. ఉక్కపోస్తుంది, తెలుసు. మణికట్టుకి చేతిరుమాలు కట్టుకుంటే చెమట కాగితం మీద పడదు. బోర్డు నిలువుగా, పైభాగం కొంచెం ముందుకి వంచి పెట్టుకుంటే పొడి బొమ్మ మీద కాకుండా కింద పడుతుంది.

చివరిది ఫ్రేము. మన దగ్గర దేవుడి పటాలు కట్టే షాపుల్లో అద్దాన్ని బొమ్మకి ఆనించి బిగించేస్తారు. అలా చేస్తే పాస్టెల్ పొడి అద్దానికి అంటుకుంటుంది, చెమ్మ పట్టినచోట బూజు కూడా వస్తుంది. పాస్టెల్‌లోని జిగురు, కాగితం రెండూ బూజుకి ఇష్టమే. బొమ్మకీ అద్దానికీ మధ్య కనీసం నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా, మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ కిటికీలా కత్తిరించి పెట్టే అట్ట) వెనక సన్నని పట్టీ పెట్టమని చెప్పండి. రాలిన పొడి మౌంటు వెనక సందులోకి పోతుంది, దాని మీద కనపడదు. ప్లాస్టిక్ షీటు, అక్రిలిక్ వద్దు, రుద్దితే వాటిలో పుట్టే స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. అద్దమే కావాలి. షాపుకి తీసుకెళ్ళేటప్పుడు మీద బటర్ పేపర్ పరిచి, జరక్కుండా నాలుగు మూలలా టేపు వేసి, బోర్డు మీద పడుకోబెట్టి తీసుకెళ్ళండి. ఆటోలో ఒళ్ళో పెట్టుకోవడం ఉత్తమం.

కట్టే ముందు బొమ్మని సిలికా జెల్ సంచులతో మూతపెట్టిన పెట్టెలో రెండు మూడు రోజులు ఉంచండి. కాగితంలోని చెమ్మ లోపల ఉండగా సీలు వేస్తే అది అద్దం లోపలే తిరుగుతుంది. ఫ్రేము వెనక కింది మూలలకి చిన్న రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. సముద్రం వైపు వానజల్లు కొట్టే గోడకి, బాత్‌రూమ్ గోడకి, ఎండ నేరుగా పడే చోట తగిలించొద్దని అక్కకి ముందే చెప్పండి. హాల్లో లోపలి గోడ అన్నిటికంటే నయం.

కొత్త ఫోటో తీశాక అరచేతంత కాగితాల మీద మూడు ఛాయలతో, ముదురు, మధ్య, లేత, నాలుగైదు చిన్న స్కెచ్‌లు వేసి చూపించండి. మొహాలు వద్దు, ముద్దలు చాలు. వాటిలో ఏది పెద్దది చెయ్యాలో చూసి చెబుతాను.